కూర వాటా

వేట ఆగిన నాలుగో రోజున మా నాన్న నాతో గుడివాడ వచ్చాడు, నేను తీసుకోవాలనుకుంటున్న రక్తపరీక్షల యంత్రాన్ని చూడటానికి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మర బోట్లు సముద్రంలోకి వెళ్ళకూడదు. ఆ రెండు నెలలూ గిలకలదిండి రేవులో మగవాళ్ళు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాళ్ళలా తిరుగుతారు. నాన్న పేరు పోతయ్య. ముప్పై ఏళ్ళుగా సరంగు, అంటే బోటు నడిపేవాడు. ఆ ఏడు ఆయన చేతులకి నేను పెట్టబోయే ల్యాబు దొరికింది.

అప్పటికి నేను బందరులో ఒక నర్సింగ్ హోములో తొమ్మిదేళ్ళుగా ల్యాబ్ టెక్నీషియన్‌ని. గాజు కిటికీకి అటువైపు మనుషులు, ఇటువైపు నేను. కిటికీలోంచి కాగితం అందించే ముందు ఒక్క క్షణం వాళ్ళ మొహాలు చూసేదాన్ని. తెలుసుకోవాలనీ ఉంటుంది, తెలియకుండా ఉంటే బాగుండుననీ ఉంటుంది. ఒకే మొహంలో ఆ రెండూ ఎలా పడతాయా అని నాకు ఆశ్చర్యం. ఇంటికొచ్చాక కూడా దాని గురించే ఆలోచించేదాన్ని. పెళ్ళి చేసుకోలేదు కాబట్టి ఆలోచించడానికి బోలెడంత తీరిక ఉండేది. రేవులో మావాళ్ళు మాత్రం ఆ కిటికీ దగ్గరికి వచ్చేవాళ్ళు కాదు. వచ్చేసరికి ఆలస్యమైపోయేది. రేవు దగ్గరే సొంతంగా ఒక రక్తపరీక్షల ల్యాబు పెట్టాలన్న ఆలోచన నన్ను అలా పట్టుకుంది.

గుడివాడలో యంత్రాల కంపెనీ మనిషి శ్యాంబాబు. నాకంటే చిన్నవాడు. మమ్మల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి, చల్లటి మజ్జిగ ఇప్పించాడు.

"మెషీన్లకి మీరు పైసా పెట్టక్కర్లేదు మేడమ్. కంపెనీయే పెడుతుంది. మీరు ఐదేళ్ళపాటు కెమికల్స్ మా దగ్గరే కొంటారు. అంతే."

"ఆ కెమికల్స్ రేటు ఎవరు చెబుతారు బాబూ?" అన్నాడు నాన్న.

"కంపెనీ చెబుతుందండీ."

"జనం రాకపోతే?"

"మినిమం ఉంటుంది అంకుల్. రోజుకి నలభై టెస్టులకి సరిపడా తీసుకోవాలి, వచ్చినా రాకపోయినా. అయినా ఎందుకు రారండీ? జబ్బులేమన్నా తగ్గుతున్నాయా?" అని నవ్వాడు.

నాన్న కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు. చేపల సావుకారు ఎదురుగా కూర్చున్నప్పుడు నవ్వే నవ్వు.

శ్యాంబాబు నా వైపు తిరిగాడు. "ఒక్క ప్రశ్న మేడమ్. మీ కస్టమర్ ఎవరు?"

"జబ్బున్నవాళ్ళు."

"జబ్బున్నవాళ్ళు డాక్టరుకి కస్టమర్లు. ఆయన ఎవరి దగ్గరికి పంపితే వాళ్ళ దగ్గరికి వెళ్తారు. మీకు పంపేదెవరు? పంపినందుకు ఎంతిస్తారు?"

నర్సింగ్ హోములో నెల నెలా డాక్టర్లకి డబ్బు కవర్లు వెళ్ళడం చూసినదాన్నే. అయినా అలాంటి కవరు ఇవ్వడానికి నాకు చెయ్యి రాదు.

బయటికొచ్చాక నాన్న బస్టాండు దాకా నడిచే వెళ్దామన్నాడు. దారిలో అన్నాడు. "ఇది అడ్వాన్సే కదమ్మా. సావుకారు నాకు వలలకి డబ్బిచ్చాడు. చేపలు ఆయనకే వెయ్యాలన్నాడు. రేటు ఆయనే చెప్పాడు. పదిహేడేళ్ళు. ఈ కుర్రాడు చొక్కా బాగా వేసుకున్నాడు, అంతే తేడా."

"బ్యాంకు తనఖా అడుగుతోంది నాన్నా. మరింకెలా?"

"పాలు పెడదాం," అన్నాడు. పాలంటే వాటాలు. అది ఆయనకి ఎంత తేలిగ్గా తోచిందంటే, నేను ఎందుకు నవ్వానో ఆయనకి అర్థం కాలేదు.

*

రేవులో వలలు అల్లే షెడ్డు కింద వాటాల మాట నడిచింది. బోటు పద్ధతి అందరికీ తెలిసిందే. వేట నుంచి వచ్చాక డీజిలు, ఐసు, తిండి ఖర్చులు ముందు తీసేస్తారు. మిగిలినదాంట్లో బోటుకింత, మనుషులకింత. ఏమీ పడకపోతే ఏమీ లేదు, ఎవరూ ఎవరికీ బాకీ ఉండరు. నాన్న నా ల్యాబుని పదకొండు పాళ్ళు చేశాడు. ఒక్కొక్కటి ముప్పై ఐదు వేలు. ఆయనవి రెండు, నావి రెండు, మిగతావి బోటు మీద పనిచేసే కలాసీలవి, తలా ఒకటి. వేట నిషేధానికి ప్రభుత్వం ఇచ్చిన భృతికి ఇంట్లో ఉన్నది కలిపి తెస్తామన్నారు.

"అయితే సూది గుచ్చితే డబ్బులొస్తాయంటావు," అన్నాడు హనోకు. దివిసీమలో నాగాయలంక వైపు మనిషి. ఇరవై ఏళ్ళుగా నాన్న బోటు మీదే ఉన్నాడు. నేను మావయ్యా అంటాను.

"వస్తాయి మావయ్యా."

"నాకు మాత్రం గుచ్చకు. కావాలంటే రెండు పాళ్ళు పెడతా, నన్ను ముట్టుకోకు."

"తుఫానులో మాస్టు స్తంభం ఎక్కినవాడివి, సూదికి భయమా?" అన్నాడు ఇంకో కలాసీ గణపతి.

"తుఫాను నా లోపలికి దూరలేదు కదరా!"

ఆ నవ్వుల్లోనే వాటాలు కుదిరాయి. నేను మూడు పేజీల కాగితం రాశాను. అద్దె, కరెంటు, కెమికల్స్, నా జీతం పోగా మిగిలింది పదకొండుగా పంచడం. అందరూ సంతకాలు పెట్టారు. గణపతి రెండుసార్లు పెట్టాడు, మొదటిది సరిగ్గా రాలేదని.

ఇంట్లో మా అమ్మ వెంకటరత్నమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు. ఆమె రోజూ రేవులో చేపలు కొని, గంపతో ఆటో ఎక్కి, బందరు బజారులో అమ్ముతుంది. నిషేధంలో చెరువు చేపలు అమ్ముతుంది.

"జబ్బుల మీద వాటాలేంటే?" అంది. "ఇంకొకరికి ఒళ్ళు బాగోకపోతే మనకి లాభమా? రోజూ పొద్దున్నే ఏమని దణ్ణం పెట్టుకోవాలి?"

"మందుల షాపువాళ్ళు ఏమని పెట్టుకుంటారు?"

"వాళ్ళ సంగతి నాకెందుకు," అని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళింది. కుడి పాదానికి గుడ్డ కట్టి ఉంది. ఏమైందని అడిగితే, జెల్ల చేప ముల్లు గుచ్చుకుందని, మానిపోతుందని అంది.

అవనిగడ్డలో ఒక ల్యాబు మూసేస్తున్నారని తెలిసి, కొత్త వంతెన మీదుగా నేనూ హనోకూ వెళ్ళాం. ల్యాబు నడిపిన ఆయన పోయాడు. ఆయన భార్య లీలావతి గారు రెండు యంత్రాలూ, ఫ్రిజ్జూ, రక్తం గిర్రున తిప్పే మిషనూ సగం ధరకే ఇచ్చారు. పెద్ద యంత్రానికి పాత పట్టుచీరతో కుట్టిన ముసుగు ఉంది. "ఇది కరెంటు పోయి వస్తే కాసేపు అలుగుతుందమ్మా, బతిమాలాలి," అని దాని నెత్తిన చెయ్యి వేశారు. డబ్బులు లెక్కపెట్టుకోలేదు. ముసుగు తీసి తన దగ్గరే ఉంచుకున్నారు. తిరిగి వస్తూ హనోకు యంత్రాన్ని వ్యానులో రెండు చేతులా పట్టుకునే కూర్చున్నాడు.

*

మే రెండో వారంలో, రేవుకి వెళ్ళే రోడ్డులో కూల్‌డ్రింకుల షాపుగా ఉండే గదిలో ల్యాబు తెరిచాం. మొదటి రోజు పొద్దున్న ఆరున్నరకి తాళం తీద్దామని వెళ్తే, గుమ్మం ముందు నలభై మందికి పైగా ఉన్నారు. ఇంత మంది ఉంటే శ్యాంబాబు చెప్పిన మినిమం ఏపాటి అనుకున్నాను.

దగ్గరికెళ్ళి చూస్తే అందరూ వాటాదార్లే. వాళ్ళ పెళ్ళాలు, అత్తలు, బావమరుదులు. పరగడుపున రావాలని ఎవరో చెప్పారట, మంచినీళ్ళు కూడా తాగకుండా వచ్చారు.

గణపతి భార్య కనకమహాలక్ష్మి ముందుంది. "మా కూర తీసుకుందామని వచ్చామమ్మా," అంది.

అప్పుడు నాకు తెలిసింది, మూడు పేజీల కాగితంలో ఏం మర్చిపోయానో. బోటు వేట నుంచి వచ్చినప్పుడు, చేపలు వేలం పాటకి పెట్టకముందే, ప్రతి కలాసీ తన ఇంటి కూరకి నాలుగు చేపలు తీసుకుంటాడు. దాన్ని ఎవరూ తూచరు, ఎక్కడా రాయరు. దాన్ని కూర అనే అంటారు. నేను పుట్టినప్పటి నుంచీ తిన్నది ఆ కూరే. అయినా నాకు గుర్తు రాలేదు.

"పిన్నీ, ఇవి చేపలు కాదు. ఒక్కొక్క పరీక్షకి కెమికల్ ఖర్చవుతుంది."

"చేపలు కాదని నాకు తెలీదా? మాకు వాటా ఉందా, లేదా?"

నాన్న వైపు చూశాను. పొద్దు తూర్పున పొడుస్తుందని చెబుతున్నంత మామూలుగా అన్నాడు. "కూర తియ్యకుండా పాటకి పెట్టిన బోటు ఎక్కడన్నా ఉందామ్మా?"

తీశాను. మూడు రోజులు తీశాను. నెలకని తెచ్చిన కెమికల్స్‌లో సగం పైగా అయిపోయాయి. అది తెలుస్తూనే ఉంది, అయినా నా కళ్ళు వేరే దాని మీద ఉన్నాయి. తొమ్మిదేళ్ళుగా నేను చూసిన మొహాలు కావివి. ఒక్కళ్ళలో కూడా భయం లేదు. గంప ముందుకు జరిపినట్టు చెయ్యి జాపుతున్నారు. జబ్బుందేమోనని వచ్చినవాడికి భయం ఉంటుంది. తనకి రావలసింది తీసుకుపోవడానికి వచ్చినవాడికి ఏం భయం? చిన్న మాట మారితే మనిషి లోపల ఇంత మారుతుందా అని, సూది గుచ్చుతూ గుచ్చుతూ ఆగిపోయేదాన్ని.

"ఏంటమ్మా ఆలోచిస్తున్నావు? నరం దొరకలేదా?" అనేవాళ్ళు.

సాయంత్రం కాగితాలు ఇస్తుంటే ఒకళ్ళనొకళ్ళు అడిగేవాళ్ళు.

"నీకు షుగరెంత పడింది?"

"రెండొందల ఎనభై."

"మా ఆయనకి తొంభై ఆరే పడింది."

"అంతేనా! పోనీలే, మళ్ళీసారి చూద్దాం."

రేవంతా నవ్వులు. అందరికంటే ఎక్కువ పడింది కనకమహాలక్ష్మికి, మూడొందల యాభై. మొదట్లో తనూ నవ్వింది. వారం తిరిగేసరికి అదే ఆమె పేరైపోయింది. "మూడొందల యాభై వస్తోంది, బెల్లం దాచండర్రా," అని అరుగు మీదివాళ్ళు అనడం నేనే విన్నాను. గణపతి పదిమందిలో ఆమె చేతిలోంచి టీ గ్లాసు లాక్కున్నాడు. ఆ తర్వాత ఆమె నా ల్యాబు ముందు నుంచి రావడం మానేసి, చుట్టూ తిరిగి వెళ్ళడం మొదలుపెట్టింది. తను తెచ్చుకున్న కూర తనకే ముల్లు గుచ్చిందని అనిపించింది నాకు. ఆ ముల్లు నేను తీయాల్సింది. ఎలాగో తెలియలేదు.

కూర అయిపోయాక జనం లేరు. రోజుకి ముగ్గురు, నలుగురు. మే చివరికి కెమికల్స్ అడుగంటాయి. కలాసీల్ని ఇంకా అడగలేను. జూన్ పదిహేనున వేటకి వెళ్ళాలంటే వాళ్ళ దగ్గర డీజిలుకి డబ్బుండాలి. శ్యాంబాబుకి ఎలా తెలిసిందో, బైకు వేసుకుని గిలకలదిండి వచ్చాడు. గది చూశాడు, యంత్రం చూశాడు.

"పాత మోడలండీ. దీన్ని నేను తీసుకుని కొత్తది పెడతాను. రేపే కెమికల్స్ దింపుతాను. మీ పదకొండు పాళ్ళ డబ్బులూ తిరిగిచ్చేయొచ్చు. జూన్ పదిహేను లోపు సంతకం పెట్టండి చాలు."

కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళాడు. దాని మీద పట్టకారు బరువుగా పెట్టి, రెండు రోజులు దాన్ని చూస్తూ కూర్చున్నాను.

*

మూడో రోజు మధ్యాహ్నం రెండింటప్పుడు అమ్మ వచ్చింది. బజారు నుంచి నేరుగా వచ్చింది. గంప గుమ్మం బయట పెట్టి, కొంగు ముడి విప్పి, నోట్లు బల్ల మీద పెట్టింది.

"షుగరు చూడు. మూడు నెలల షుగరు అంటారటగా, అది కూడా. బిల్లు రాయి."

"అమ్మా, నాన్న వాటాలో..."

"నాకు కూర వద్దు. బిల్లు రాయి. పేరు దుర్గ అని రాయి."

"ఏ దుర్గ?"

"బందర్లో దుర్గలకి కరువా? రాయి."

రాశాను. చెయ్యి జాపింది. ఆ చెయ్యి నాకు అన్నం పెట్టిన చెయ్యని, దానికి పట్టీ కట్టి నరం వెతకడం ఇదే మొదలని అనిపించింది. నరం వెంటనే దొరికింది.

"డబ్బులిచ్చాను కాబట్టి నోరు మూసుకోవాలి నువ్వు," అంది.

"ఇవ్వకపోయినా మూసుకోవాలమ్మా. అది నా పని."

"మరి కూర తీసుకున్నవాళ్ళ నంబర్లు రేవంతా ఎలా తెలిశాయి?"

"వాళ్ళే చెప్పుకున్నారు."

"ఊరికే వచ్చింది ఎవరైనా నలుగురికీ చూపిస్తారు. ఇది నేను కొనుక్కున్నా. నాది."

మూడు నెలల షుగరు పదకొండు పాయింటు నాలుగు వచ్చింది, ఆరున్నర దాటితేనే జబ్బు. కాగితం అందిస్తూ అలవాటు కొద్దీ మొహం వైపు చూశాను. అమ్మ కాగితం చూడలేదు. నన్ను చూసి, అంకె నా మొహంలోనే చదువుకుంది.

"కాలు చూపించు," అన్నాను. గుడ్డ విప్పాను. జెల్ల ముల్లు గుచ్చుకుని నెలన్నరైంది. గాయం మానలేదు, అంచులు తెల్లబడి ఉన్నాయి.

"మీ నాన్నకి చెబితే గంప దించమంటాడు. ఇంట్లో కూర్చోమంటాడు. మందులు వేసుకుంటా, ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావో తీసుకెళ్ళు. గంప మాత్రం దించను."

మర్నాడే తీసుకెళ్ళాను. ఆమె ఎవరితో ఏం చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు. రెండు రోజుల తర్వాత, అదే మధ్యాహ్నం వేళ, మగవాళ్ళు వలల షెడ్డులో కునికిపాట్లు పడుతుండగా, ఇంకొకామె వచ్చింది. కూర తీసిన రోజుల్లో ఇంటిల్లిపాదితో వచ్చి, నవ్వుతూ చెయ్యి జాపిన ఆమే. ఇప్పుడు ఒక్కతే వచ్చింది, డబ్బులు తెచ్చింది. "నా పేరు కూడా దుర్గ అని రాయండి," అంది, నన్ను కొత్తగా అండీ అంటూ. ఆమెకి కావలసింది షుగరు కాదు. పిల్లలు పుట్టకపోవడం తన వల్లేనా అని తెలుసుకోవాలి. తర్వాత ఇంకొకామె, ఆ తర్వాత పెదపట్నం వైపు నుంచి ఇద్దరు. కనకమహాలక్ష్మి కూడా వచ్చింది, మందులు మొదలుపెట్టాక ఎంతకి దిగిందో చూసుకోవడానికి. నూట తొంభై. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకుంది.

జూన్ రెండో వారానికి నా పుస్తకంలో పేజీకి నలుగురు దుర్గలున్నారు. ఫోను నంబర్లు మాత్రం అసలువే. ఆ డబ్బుతోనే కెమికల్స్ వచ్చాయి, కరెంటు బిల్లు కట్టాను, ఇంకా మిగిలింది. ఒకే ఊళ్ళో ఒకే రక్తాన్ని మనుషులు ఒకసారి ఊరికే చూపించుకుని, ఇంకోసారి డబ్బిచ్చి దాచుకుంటున్నారు. వాళ్ళు కొంటున్నది పరీక్షని కాదేమోనని అప్పుడు తోచింది.

*

బోట్లు వెళ్ళడానికి ఇంకా రెండు రోజులుందనగా, జూన్ పదమూడు సాయంత్రం, వలల షెడ్డులో పంచాం. నాన్న టార్పాలిన్ పరిపించాడు. ఖర్చులన్నీ పోను ఇరవై మూడు వేల వంద మిగిలింది. వాటాకి రెండు వేల వంద. వేట లేని నెలలో ఆ డబ్బు చూసి అందరూ టార్పాలిన్ దగ్గరికి జరిగారు.

"జనం ఎక్కడి నుంచి వచ్చారమ్మా? నేనెప్పుడు అటు వెళ్ళినా ఖాళీగానే ఉందే," అన్నాడు హనోకు.

"వచ్చారు మావయ్యా."

"ఎవరొచ్చారు?" అన్నాడు గణపతి. "పుస్తకం చూద్దాం."

అడగడంలో తప్పులేదు. బోటు మీద చేపంతా అందరి ముందూ దించాలి. ఒడ్డుకి రాకముందే సముద్రంలో వేరే బోటుకి అమ్మేశాడన్న అనుమానం వస్తే, ఆ సరంగుతో మళ్ళీ ఎవడూ వేటకి వెళ్ళడు. మా నాన్న మీద ముప్పై ఏళ్ళలో ఆ మాట రాలేదు. పుస్తకం నా ఒళ్ళో ఉంది. చూపిస్తే ఫోను నంబర్లని బట్టి ఎవరెవరో తెలిసిపోతుంది, ఆడవాళ్ళెవరూ మళ్ళీ గుమ్మం ఎక్కరు. చూపించకపోతే వాటాలు వెనక్కి అడుగుతారు. అప్పుడు శ్యాంబాబు కాగితమే గతి.

"చూపించమ్మా," అన్నాడు నాన్న.

"చూపించను నాన్నా."

నాన్న మొహం ఎర్రబడింది. "డబ్బులో తేడా ఉందా?"

"లేదు. బిల్లులన్నీ ఇవిగో, లెక్కపెట్టుకోండి. పుస్తకం మాత్రం ఇవ్వను. బోటులో చేపలకి పేర్లుండవు. ఇందులో పేర్లున్నాయి."

"మాకు తెలియని పేర్లా?" అన్నాడు గణపతి.

నేను పుస్తకాన్ని ఒళ్ళోనే గట్టిగా పట్టుకున్నాను.

హనోకు ఎగతాళిగానే మొదలుపెట్టాడు. "మా ఆవిడ పేరుందేంటి కొంపదీసి?"

"చెప్పను మావయ్యా."

"లేదని చెప్పొచ్చు కదా."

"లేదని కూడా చెప్పను."

అతని నవ్వు మొహం మీద ఉండిపోయింది గానీ కళ్ళలోంచి పోయింది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని చూశాను. ప్రతివాడూ తన ఇంటి మధ్యాహ్నాలని వెనక్కి తిప్పి చూసుకుంటున్నాడు. తొమ్మిదేళ్ళు గాజు కిటికీలోంచి నేను చూసిన మొహం, తెలుసుకోవాలనీ తెలియకూడదనీ ఉండే ఆ మొహం, ఒకేసారి ఎనిమిది మందికి వచ్చింది. గణపతి పుస్తకం కోసం జాపిన చెయ్యి గాల్లోనే కాసేపు ఉంది. తర్వాత దాన్ని లుంగీకి తుడుచుకున్నాడు.

వాటాల పంపకంలో సరంగు అందరికంటే ఆఖర్న తీసుకోవాలి. అది పద్ధతి. నాన్న ముందుకు వంగి, తన రెండు వాటాలూ అందరికంటే ముందు తీసుకున్నాడు. లెక్కపెట్టుకోకుండా జేబులో పెట్టుకున్నాడు.

"తీసుకోండి," అన్నాడు. "వేటకి చాలా పనుంది."

ఒక్కొక్కరే తీసుకున్నారు. గణపతి మాత్రం డబ్బు ముట్టుకోలేదు. "చూడని చేప నాకొద్దు సరంగు గారూ. నా ముప్పై ఐదు వేలు నాకిచ్చెయ్యమనండి," అన్నాడు. గొంతులో కోపం కంటే ఇంకేదో ఉంది. ఆరు నెలల్లో ఇస్తానన్నాను.

"ఆ పాలు నాకు రాయమ్మా," అన్నాడు హనోకు. "ఎలాగూ సూదంటే భయం, నేను కూర అడిగేవాణ్ణి కాదు."

ఆ మాటకి ఇద్దరే నవ్వారు. శ్యాంబాబు కాగితం మర్నాడు సంతకం లేకుండానే పోస్టులో వెనక్కి పంపాను.

*

మర్నాడు మధ్యాహ్నం నాన్న ల్యాబుకి వచ్చాడు. చేతిలో బందరు బజారు కవరు. లోపల రబ్బరు బూట్లు, ఆడవాళ్ళవి, చుట్టూ మూసి ఉన్నవి, లోపల మెత్తటి అట్ట వేసి ఉన్నవి. బల్ల మీద పెట్టి, పక్కనున్న యంత్రాన్ని కాసేపు చూశాడు.

"బజారు నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది," అన్నాడు.

"నాన్నా, నీకు..."

"నేనేమీ అడగలేదు. నువ్వేమీ చెప్పలేదు." గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నాడు. "ల్యాబు తరఫున ఇచ్చినట్టు ఇయ్యి."

ఆయనకి ఎప్పుడు తెలిసింది? పాదానికి గుడ్డ చూసినప్పుడా? అన్నం తగ్గించినప్పుడా? షెడ్డులో నా మొహం చూసినప్పుడా? లేక ఆయనకి తెలిసింది ఏమీ లేక, ముప్పై ఏళ్ళ తర్వాత ఆమె కాళ్ళ వైపు ఒకసారి చూడాలని మాత్రం అనిపించిందా? అడిగితే పాడవుతుందని అడగలేదు.

పదిహేనో తారీకు తెల్లవారుతుండగా బోట్లన్నీ కదిలాయి. అమ్మ అన్నం క్యారేజీ అందించి, బోటు మలుపు తిరిగేదాకా నిలబడి, నేరుగా నా దగ్గరికి వచ్చింది. చెరువు చేపల గంప బయట ఆటోలో ఉంది. బూట్లు ఆమె ముందు పెట్టాను.

"ల్యాబువాళ్ళు బూట్లు కూడా ఇస్తారా?"

"కొందరికి."

"రేటులో కలుపుకున్నావా?"

"లేదు."

బెంచీ మీద కూర్చుని కుడి పాదం పెట్టింది. గాయం దగ్గర నొక్కుకుంటుందేమోనని చూశాను. నొక్కుకోలేదు. రెండోది కూడా వేసుకుని, లేచి, గుమ్మం దాకా నడిచింది, తిరిగి వచ్చింది, మళ్ళీ నడిచింది.

"నా కాలి కొలత ల్యాబుకెలా తెలిసిందే?"

నేను సూదుల డబ్బా సర్దుతున్నాను. జవాబు చెప్పాలా వద్దా అని తేల్చుకునేలోపు ఆటోవాడు హారన్ కొట్టాడు. అమ్మ జవాబు కోసం ఆగలేదు. కొత్త బూట్లు చప్పుడు చేస్తుంటే, బురద తప్పుకోకుండా, తిన్నగా వెళ్ళి ఆటో ఎక్కింది.